హింసకు గురైన పిల్లలు తేరుకునేది దేనివల్ల?

ఊళ్లో ఒక బిడ్డకు అన్యాయం జరిగిందని బయటపడితే రెండు మాటలు వినబడతాయి. "చిన్నపిల్లే కదా, నాలుగు రోజులు పోతే మరిచిపోతుంది" అంటారు కొందరు. "ఇంక ఆ బిడ్డ బతుకు ఇంతే" అని మరికొందరు నిట్టూరుస్తారు. మొదటి మాట నమ్మిన ఇంట్లో బిడ్డకు వైద్యం అందదు. రెండో మాట నమ్మిన ఇంట్లో బడి మాన్పించి సంబంధాలు వెతుకుతారు. రెండు మాటలూ తప్పే. హింస పిల్లల ఒంటినీ మనసునూ నిజంగానే దెబ్బతీస్తుంది, ఏళ్ల తరబడి వెంటాడగలదు కూడా. కానీ ఆ దెబ్బ ఎంత లోతుకు దిగుతుందో జరిగిన సంఘటన ఒక్కటే తేల్చదు. అంతకుముందు ఇంట్లో ఏముంది, అదే సమయంలో ఇంకా ఏయే కష్టాలున్నాయి, తెలిసిన తర్వాత పెద్దలు ఏం చేశారు అన్నవన్నీ కలిసి తేలుస్తాయి. వీటిలో చివరిది పూర్తిగా మన చేతిలో ఉంది.

జరగడానికి కారణాలు వేరు, తేరుకోలేకపోవడానికి కారణాలు వేరు

ఈ విషయంలో అన్నిటికంటే ఎక్కువ గందరగోళం ఇక్కడే. ఏ పిల్లలకు హింస ఎదురయ్యే అవకాశం ఎక్కువ అన్నది ఒక ప్రశ్న. ఎదురయ్యాక ఏ పిల్లలు ఎక్కువగా దెబ్బతింటారు అన్నది ఇంకో ప్రశ్న. రెంటినీ కలిపేస్తే "పేదింటి పిల్లలు కాబట్టి ఇలా జరిగింది, పేదింటి పిల్లలు కాబట్టి బాగుపడరు" అనే అన్యాయమైన లెక్క తయారవుతుంది.

మొదటి ప్రశ్న తీసుకుందాం. ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి మండలాల్లో వాన ఆధారం, నీళ్ల కొరత. పనులు లేనప్పుడు తల్లిదండ్రులు గుంటూరు వైపు మిరప కోతలకో, హైదరాబాద్‌, బెంగళూరు భవన నిర్మాణ పనులకో వెళతారు. పిల్లలు అమ్మమ్మ దగ్గరో జేజి దగ్గరో ఉంటారు. ఇక్కడ ప్రమాదం వలసలో లేదు. కనిపెట్టుకుని ఉండే పెద్ద మనిషి తగ్గిపోవడంలో ఉంది. చూపు ఆనని ముసలామెకు సాయంత్రం పిల్ల ఎవరింట్లో టీవీ చూస్తోందో తెలియదు. ఫోన్లో అమ్మ మాట్లాడేటప్పుడు పక్కనే చుట్టాలుంటారు కాబట్టి పిల్ల ఏమీ చెప్పలేదు.

నెల్లూరు తీరంలో సంగతి కొంచెం వేరు. రొయ్యల గుంటల దగ్గర కాపలాకు ఉండే కుటుంబాల్లో యానాది గిరిజనులు చాలామంది. గట్టు మీద ఒంటరి గుడిసె, ఇరుగుపొరుగు లేరు, బడి దూరం, యజమాని దగ్గర తీసుకున్న అడ్వాన్సు బాకీ. అక్కడ పిల్లకు ఏదైనా జరిగితే అరిచినా వినేవాళ్లుండరు, విన్నా ఎదురు చెప్పే ధైర్యం తల్లిదండ్రులకు ఉండదు. చీమకుర్తి గ్రానైట్ క్వారీల దగ్గర వేరే రాష్ట్రాల కార్మికుల పిల్లలకు భాష కూడా అడ్డే. ఇక ఏ ఊళ్లోనైనా తండ్రి తాగుడు, తల్లిని కొట్టడం, తల్లి మానసికంగా కుంగిపోయి ఉండటం పిల్లల మీద హింస అవకాశాన్ని పెంచుతాయి. వైకల్యం ఉన్న పిల్లల పరిస్థితి మరీ కష్టం. 2012లో లాన్సెట్‌ వైద్య పత్రికలో వచ్చిన సమీక్ష ప్రకారం, వాళ్లు హింసకు గురయ్యే అవకాశం మిగతా పిల్లల కంటే 3.7 రెట్లు ఎక్కువ. మాట సరిగా రాని పిల్ల ఫిర్యాదు చేయలేదని హింసించేవాడికి తెలుసు. మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాలకు వచ్చే పిల్లలకు ఒంటి భాగాల పేర్లు, 'వద్దు' అనే సైగ నేర్పించడం అందుకే చాలా అవసరమైన పని.

అయితే దీన్నిబట్టి కలిగినవాళ్ల పిల్లలకు భయం లేదనుకోకూడదు. నిర్లక్ష్యం, దెబ్బలు పేదరికంతో కొంత ముడిపడి ఉంటాయి గానీ, లైంగిక హింస అన్ని రకాల ఇళ్లలోనూ ఉంది. కేంద్ర మహిళా శిశు సంక్షేమ శాఖ 2007లో ప్రచురించిన సర్వే 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడింది. వాటిలో అప్పటి ఆంధ్రప్రదేశ్‌ కూడా ఒకటి. ఏదో ఒక రూపంలో లైంగిక హింస ఎదురైందని చెప్పినవారు 53.22 శాతం. వాళ్లలో సగానికి పైగా మగపిల్లలే. హింసించినవారిలో సుమారు సగం మంది పిల్లలకు తెలిసినవాళ్లు, నమ్మినవాళ్లు. మగపిల్లవాడికేం భయం అని ఊరుకునే ఇళ్లు ఈ అంకెను గట్టిగా గుర్తుపెట్టుకోవాలి.

కష్టాలు ఒకదాని మీద ఒకటి చేరితే

ఇప్పుడు రెండో ప్రశ్న. బ్రిటిష్‌ మనోవైద్యుడు మైకేల్‌ రట్టర్‌ 1970ల్లో కుటుంబ కష్టాలను లెక్కపెట్టి చూశాడు. తల్లిదండ్రుల మధ్య తీవ్రమైన గొడవలు, ఇరుకిల్లు, తండ్రి నేరచరిత్ర, తల్లి మానసిక అనారోగ్యం వంటివి. ఒక్క కష్టమే ఉన్న పిల్లల్లో మానసిక సమస్యలు, ఏ కష్టమూ లేని పిల్లలకంటే పెద్దగా ఎక్కువ లేవు. రెండు చేరితే సుమారు నాలుగింతలయ్యాయి. నాలుగు, అంతకు మించితే సుమారు పదింతలు. అంటే కష్టాలు విడివిడిగా కూడవు, ఒకదాన్నొకటి పెంచుకుంటాయి.

1998లో అమెరికాలో విన్సెంట్‌ ఫెలిటీ, రాబర్ట్‌ ఆండా బృందం సాన్‌డియేగోలో 9,508 మంది పెద్దవాళ్లను వాళ్ల బాల్యం గురించి అడిగి మొదటి ఫలితాలు ప్రచురించింది. కొట్టడం, లైంగిక హింస, మాటలతో హింసించడం, ఇంట్లో తాగుడు, తల్లిని కొట్టడం, మానసిక అనారోగ్యం, జైలుకు వెళ్లినవారు ఉండటం. వీటిలో నాలుగు లేదా అంతకు మించి అనుభవించినవారికి తాగుడు, మత్తుమందులు, కుంగుబాటు, ఆత్మహత్యాయత్నం వంటి ప్రమాదాలు, ఏదీ అనుభవించనివారితో పోలిస్తే 4 నుంచి 12 రెట్లు ఎక్కువ.

ఈ అధ్యయనాన్ని ఇప్పుడు చాలామంది తప్పుగా వాడుతున్నారు. పిల్లవాడికి పది ప్రశ్నలు వేసి, మార్కు వేసి, "వీడికి ఆరు వచ్చింది, వీడి భవిష్యత్తు ఇంతే" అని తేల్చేయడం దాని ఉద్దేశం కానే కాదు. ఆండా స్వయంగా 2020లో ఈ వాడకాన్ని హెచ్చరిస్తూ రాశాడు. వేలమందిని కలిపి చూస్తే కనబడే పోకడను ఒక్క బిడ్డ జాతకంగా చదవకూడదు. ఈ అంకెల వల్ల అసలు ఉపయోగం వేరే ఉంది. జరిగిన హింసను మనం వెనక్కి తీసుకోలేం. కానీ దానికి తోడుగా ఉన్న మిగతా కష్టాల్లో ఒకటో రెండో తగ్గించగలం. తండ్రి తాగుడు మాన్పించడం, ఆగిపోయిన రేషన్‌ మళ్లీ ఇప్పించడం, తల్లి కుంగుబాటుకు మందులు ఇప్పించడం పైకి బిడ్డతో సంబంధం లేని పనుల్లా కనిపిస్తాయి. ఆ గుణకారాన్ని విరగ్గొట్టేవి అవే.

అదే దెబ్బ, ఇద్దరు పిల్లలు

పామూరు వైపు ఒకే ఊళ్లో తొమ్మిదేళ్ల ఆడపిల్లలు ఇద్దరున్నారనుకుందాం. ఇది ఊహే. ఇద్దరి తల్లిదండ్రులూ కోతలకు వెళ్లారు. ఇద్దరినీ వరసకు మామ అయ్యే ఒకే మనిషి హింసించాడు.

మొదటి పిల్ల జేజికి చెప్పింది. జేజి నమ్మింది. కబురందిన రాత్రే తల్లి బస్సెక్కింది. వచ్చాక కారణాలు తవ్వకుండా "నువ్వు చెప్పి మంచి పని చేశావు నాయనా, తప్పు నీది కాదు" అని పక్కన పడుకోబెట్టుకుంది. ఫిర్యాదు ఇచ్చారు. ఆ మనిషి ఆ గడప తొక్కకుండా చూశారు. నాలుగో రోజున పిల్ల మళ్లీ అదే బడికి, అదే బెంచీకి వెళ్లింది. టీచరుకు అవసరమైనంత వరకే తెలుసు, మిగతా ఊరికి తెలియదు.

రెండో పిల్ల చెబితే "నోరు మూసుకో, నీ బాబు వింటే చంపేస్తాడు" అన్నారు. పెద్దమనుషులు కూర్చుని కొంత డబ్బు ఇప్పించి మాట ముగించారు. పిల్లను బడి మాన్పించి తల్లిదండ్రులతో పాటు మిరపచేలకు పంపారు. పండక్కి ఊరికొస్తే ఆ మామ అరుగు మీదే కూర్చుని ఉన్నాడు.

హింస ఒక్కటే అయినా రెండో పిల్ల పోగొట్టుకున్నవి చాలా ఉన్నాయి. నమ్మకం, బడి, స్నేహితులు, ఇంట్లో భద్రత, న్యాయం. హింసించినవాడు చేసిన గాయం ఒకటైతే, ఆ తర్వాత పెద్దలు చేసినవి అయిదు. ఆమె పదిహేనేళ్లకు నిద్రపట్టక, ఎవరినీ నమ్మలేక, చేతులు కోసుకునే స్థితికి వస్తే దాన్ని "ఆ రోజు జరిగినదాని ఫలితం" అనడం సగం నిజమే.

పరిశోధనలు చెప్పేదీ దాదాపు ఇదే. 1993లో కాథలీన్‌ కెండాల్‌ టాకెట్‌, లిండా విలియమ్స్‌, డేవిడ్‌ ఫింకెల్‌హర్‌ కలిసి, లైంగిక హింసకు గురైన పిల్లల మీద జరిగిన 45 అధ్యయనాలను సమీక్షించారు. సుమారు మూడోవంతు పిల్లల్లో పైకి లక్షణాలేవీ లేవు. మొదటి 12 నుంచి 18 నెలల్లో సుమారు మూడింట రెండు వంతుల మంది కోలుకునే దారిలో పడ్డారు. దెబ్బ తీవ్రతను పెంచినవి ఏవంటే, హింస ఎక్కువ కాలం సాగడం, బలప్రయోగం, చేసినవాడు దగ్గరి మనిషి కావడం, బయటపడినప్పుడు తల్లి అండ లేకపోవడం. మొదటి మూడూ జరిగిపోయినవి. నాలుగోది ఇంకా మన చేతిలో ఉన్నది.

లక్షణాలు లేని ఆ మూడోవంతు గురించి జాగ్రత్తగా మాట్లాడాలి. కొందరు నిజంగా బాగున్నారు. కొందరిలో అవి ఏడాది తర్వాత బయటపడతాయి. కొందరు ఒకచోట బాగుండి, ఇంకోచోట కూలిపోతుంటారు. సునియా లూథర్‌ అనే మనోవిజ్ఞాన శాస్త్రవేత్త 1991లో చూపించింది ఇదే. కష్టాల మధ్య పెరిగి కూడా బడిలో మెరుగ్గా ఉన్న పిల్లల్లో చాలామందికి లోపల కుంగుబాటు, ఆందోళన ఉన్నాయి. నెల్లూరులాంటి ర్యాంకుల ఊళ్లో దీన్ని మరీ గట్టిగా చెప్పాలి. మార్కులు బాగా వస్తున్నాయి కాబట్టి పిల్ల తేరుకుందని అనుకోవద్దు. పొద్దున్నుంచి రాత్రిదాకా పుస్తకంలో తలదూర్చడం కొందరు పిల్లలకు ఆలోచన రాకుండా తప్పించుకునే దారి. నిద్ర, తిండి, స్నేహాలు, నవ్వు కూడా చూడాలి.

తేరుకునే శక్తి ఎక్కడుంటుంది

"ఆ పిల్ల గట్టిది" అంటాం. నిజానికి ఆ గట్టిదనం చాలావరకు పిల్ల చుట్టూ ఉంటుంది. హవాయిలోని కవాయి దీవిలో ఎమీ వెర్నర్‌, రూత్‌ స్మిత్‌ 1955లో పుట్టిన 698 మంది పిల్లలను నలభై ఏళ్లు వచ్చేదాకా గమనించారు. వాళ్లలో సుమారు మూడోవంతు పేదరికం, తల్లిదండ్రుల గొడవలు, తాగుడు, మానసిక అనారోగ్యం వంటి కష్టాలు నాలుగైనా ఉన్న ఇళ్లలో పెరిగారు. ఆ గుంపులో మళ్లీ సుమారు మూడోవంతు సమర్థులుగా, ఆత్మవిశ్వాసంతో, ప్రేమ పంచగలవారిగా ఎదిగారు. వాళ్లలో కనిపించినవి చాలా మామూలు సంగతులు. పసితనంలో ఒక్క మనిషితోనైనా గట్టి అనుబంధం. ఆ మనిషి తల్లే కానక్కర్లేదు, అవ్వ కావచ్చు, అక్క కావచ్చు. పదేళ్లకు బాగా చదవగలగడం. ఇంటి బయట ఒక టీచరో, పెద్దావిడో తోడుండటం. ఇంట్లో తనకంటూ ఒక పని ఉండటం.

అదే అధ్యయనంలో ఇంకో ఫలితానికి రావాల్సినంత పేరు రాలేదు. పద్దెనిమిదేళ్లకు దారి తప్పారనిపించినవారిలో ఎక్కువమంది ముప్ఫైలకు, నలభైలకు వచ్చేసరికి నిలదొక్కుకున్నారు. మళ్లీ చదువు, స్థిరమైన ఉద్యోగం, మంచి జీవిత భాగస్వామి వంటి రెండో అవకాశాలు వాళ్లను నిలబెట్టాయి. పదో తరగతి తప్పి ఇంట్లో కూర్చున్న పిల్లను ఓపెన్‌ స్కూల్లో చేర్పించడాన్ని ఈ దృష్టితో చూడండి.

ఇంటి పని గురించి ఒక జాగ్రత్త. వలస ఇళ్లలో పదకొండేళ్ల అక్క వంట చేసి, తమ్ముణ్ణి స్నానం చేయించి, అవ్వకు మందులిచ్చి బడికి పోతుంది. దాన్ని చూసి "ఎంత బాధ్యతో" అని మురిసిపోతాం. అది బిడ్డను గట్టిపరచదు, నలిపేస్తుంది. వేళకు ముగిసే చిన్న పని, చేశాక ఎవరో ఒకరు గమనించే పని మేలు చేస్తుంది. ముగింపు లేని బరువు చేయదు. వలస మండలాల్లో ప్రభుత్వ బడి చదువుల పథకం సమగ్ర శిక్ష కింద నడిచే సీజనల్‌ హాస్టళ్లు ఇలాంటి పిల్లలకు ఊరట. కానీ అక్కడా పిల్ల పేరు తెలిసిన, రాత్రి ఏడిస్తే లేచి వచ్చే మనిషి ఒకరుండాలి. రుమేనియాలో అనాథాశ్రమాల పిల్లలు 136 మంది మీద జరిగిన బుకారెస్ట్‌ అధ్యయనం ఇదే నిరూపించింది. కుటుంబాల్లోకి వెళ్లిన పిల్లలు మెరుగయ్యారు, రెండేళ్లలోపు వెళ్లినవారు ఇంకా ఎక్కువగా. తిండి, గది ఉండి, తనదనే మనిషి లేకపోతే పిల్లల ఎదుగుదల కుంటుపడుతుంది.

దెబ్బలు తిన్నవాడు రేపు తన పిల్లల్ని కొడతాడనే మాట కూడా సరిచూసుకోవాలి. జోన్‌ కాఫ్‌మన్‌, ఎడ్వర్డ్‌ జిగ్లర్‌ 1987లో అప్పటి అధ్యయనాలను బేరీజు వేసి, అలా జరిగేది సుమారు 30 శాతం మందిలో అన్నారు. మామూలు జనాభా కంటే ఇది ఎక్కువే. అయినా ఎక్కువమంది అలా చేయరు. ఆ గొలుసు తెంచుకున్న తల్లులను ఎగెలాండ్‌ బృందం 1988లో గమనిస్తే మూడు సంగతులు కనిపించాయి. చిన్నప్పుడు అండగా నిలిచిన పెద్దమనిషి ఒకరు, ఎప్పుడో ఒకప్పుడు తీసుకున్న మానసిక చికిత్స, ఆదరించే భర్త.

బిడ్డ చెప్పిన రోజు

సంకేతాలు ముందు. అయిదేళ్లలోపు వాళ్లలో మానేసిన పక్కతడుపుడు మళ్లీ మొదలవడం, వదలకుండా పట్టుకోవడం, వయసుకు మించిన లైంగిక చేష్టలు. బడి వయసులో కారణం తెలియని కడుపునొప్పి, ఉన్నట్టుండి చదువు పడిపోవడం, ఒక మనిషి దగ్గరికో ఒక ఇంటికో వెళ్లనని మొండికేయడం. కౌమారంలో ఇల్లు వదిలి పారిపోవడం, తమను తాము గాయపరచుకోవడం. ఎప్పుడూ ప్రమాదం కోసం కాచుకుని ఉండే మెదడు పాఠం మీద నిలవదు. అలాంటి పిల్లవాడికి తలుపు చప్పుడైనా, సారు చెయ్యెత్తినా ముందు భయమే వస్తుంది. క్లాసులో గొడవ చేస్తాడని, మొద్దబ్బాయని పేరు పడ్డవాళ్లలో ఇలాంటివాళ్లుంటారు. ఒక్క సంకేతంతో ఏదీ రుజువు కాదు. రెండు మూడు కలిసి ఉన్నట్టుండి మొదలైతే మాత్రం కూర్చుని మాట్లాడాలి.

బిడ్డ చెప్పినప్పుడు మొహంలో భయం, కోపం కనబడనీయకుండా వినడం కష్టమే, అయినా అదే మొదటి మందు. "ముందే ఎందుకు చెప్పలేదు", "నువ్వెందుకు పోయావు" అనే ప్రశ్నలు వద్దు. చిన్న పిల్లలు తప్పు తమదేనని ముందే అనుకుంటారు, ఈ ప్రశ్నలు దాన్ని ఖాయం చేస్తాయి. "ఎవరికీ చెప్పను" అని మాటివ్వొద్దు, ఎందుకంటే చెప్పాల్సి వస్తుంది. "నిన్ను కాపాడటానికి కావలసినవాళ్లకే చెబుతాను" అనండి. వివరాలు గుచ్చి గుచ్చి అడగొద్దు. బిడ్డ వాడిన మాటల్నే, మీ భాషలోకి మార్చకుండా, తేదీ వేసి కాగితం మీద రాసుకోండి. తల్లి, తండ్రి, మేనత్త, టీచరు, ఎస్సై ఒకరి తర్వాత ఒకరు అదే కథ చెప్పించుకుంటే బిడ్డకు ప్రతిసారీ అదే నరకం. పైగా చెప్పిన ప్రతిసారీ మాటల్లో వచ్చే చిన్న తేడాలను కోర్టులో డిఫెన్స్‌ లాయరు పట్టుకుంటాడు.

లైంగిక హింస జరిగితే 72 గంటలు దాటకుండా ఆసుపత్రికి వెళ్లాలి. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందులు ఆ గడువులోనే మొదలుపెట్టాలి. రజస్వల అయిన పిల్లకు గర్భం రాకుండా ఇచ్చే మాత్రలు కూడా ఎంత తొందరగా వేస్తే అంత పనిచేస్తాయి. స్నానం చేయించవద్దు. ఆ బట్టలు ఉతక్కుండా, ప్లాస్టిక్‌ కవరులో కాకుండా కాగితం సంచిలో పెట్టండి. ప్లాస్టిక్‌లో చెమ్మ పట్టి ఆధారాలు పాడవుతాయి. గడువు దాటినా వెళ్లాల్సిందే, గాయాలకు, ఇన్ఫెక్షన్లకు వైద్యం కావాలి. నెల్లూరు, ఒంగోలు సర్వజన ఆసుపత్రుల్లోనే కాదు, ప్రైవేటు ఆసుపత్రిలోనూ చికిత్స ఉచితంగా ఇవ్వాలి. ఎఫ్‌ఐఆర్‌ తెమ్మని అడగకూడదు. ఆడపిల్లను మహిళా డాక్టరే పరీక్షించాలి, నమ్మిన మనిషి పక్కన ఉండాలి. ఒంటి మీద గాయం లేదంటే ఏమీ జరగలేదని అర్థం కాదు. హింస జరిగిన పిల్లల్లో చాలామందికి పరీక్షలో ఏమీ కనిపించదు.

పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం 2012 నవంబరు 14 నుంచి అమలులో ఉంది. 18 ఏళ్లలోపు ఆడ, మగ పిల్లలందరికీ వర్తిస్తుంది. 19వ సెక్షన్‌ ప్రకారం, తెలిసిన ప్రతి మనిషీ పోలీసులకు చెప్పి తీరాలి. దాచిపెడితే ఆరు నెలల దాకా జైలు, సంస్థ అధిపతి దాస్తే ఏడాది దాకా. బడి పేరు పోతుందని, హాస్టల్‌ పరువు పోతుందని లోపల్లోపల సర్దేసేవాళ్లు తెలుసుకోవలసింది ఇదే. సదుద్దేశంతో సమాచారం ఇచ్చినవారి మీద కేసు ఉండదు. పెద్దమనుషుల రాజీకి చట్టంలో చోటే లేదు. పిల్లల సహాయ నంబరు 1098కి గానీ, అత్యవసర నంబరు 112కి గానీ ఫోన్‌ చేయవచ్చు, గ్రామ సచివాలయంలో మహిళా పోలీసుకు చెప్పవచ్చు. బిడ్డ వాంగ్మూలం ఇంట్లోనో, బిడ్డ కోరుకున్న చోటో, వీలైనంతవరకు మహిళా ఎస్సై తీసుకోవాలి. ఆమె యూనిఫాంలో ఉండకూడదు. రాత్రిపూట బిడ్డను స్టేషన్లో ఉంచకూడదు. 24 గంటల్లోగా పోలీసులు, జిల్లాలో పిల్లల రక్షణ చూసే బాలల సంక్షేమ కమిటీకి తెలియజేయాలి. కేసు సాగినంతకాలం తోడుండే సహాయక వ్యక్తిని ఇవ్వమని ఆ కమిటీనే అడగాలి. చాలా కుటుంబాలకు ఈ సంగతి తెలియక ఒంటరిగా తిరుగుతుంటాయి.

యానాది పిల్లల కేసుల్లో వయసు రుజువు దగ్గరే దారి మూసుకుపోతుంటుంది. బాల న్యాయ చట్టం 94వ సెక్షన్‌ ముందు బడి లేదా పదో తరగతి సర్టిఫికెట్‌లోని పుట్టిన తేదీని, అది లేకపోతే పంచాయతీ లేదా మునిసిపాలిటీ ఇచ్చిన జనన ధ్రువపత్రాన్ని చూడమంటుంది. రెండూ లేకపోతేనే ఎముకల పరీక్ష. ఆ పరీక్ష కచ్చితమైన వయసు చెప్పదు, ఒకటి రెండేళ్లు అటూ ఇటూ ఉంటుంది. పదహారు, పదిహేడేళ్ల పిల్ల కేసు అక్కడే జారిపోవచ్చు. గుంటల దగ్గరి పిల్లలను బడిలో చేర్చి పేరు, తేదీ రాయించడం, ఆలస్యమైనా జనన నమోదు చేయించడం ముందుగానే కట్టుకునే రక్షణ.

తర్వాతి నెలలు

ఇంట్లోంచి వెళ్లాల్సింది హింసించినవాడు. చాలాసార్లు బిడ్డనే ఊరు దాటించి అమ్మమ్మ ఇంటికో హాస్టల్‌కో పంపేస్తారు. శిక్ష తనకే పడిందని బిడ్డకు అర్థమవుతుంది. వేరే దారి లేక పంపాల్సి వస్తే కారణం విడమరిచి చెప్పి, వారంవారం ఎవరు వచ్చి చూస్తారో ముందే చెప్పి, ఆ మాట నిలబెట్టుకోవాలి. రోజు ఒక పద్ధతిలో సాగేలా చూడండి. అదే వేళకు భోజనం, అదే మనిషి పక్కన పడక, లైటు వేసి పడుకుంటానంటే వేయనివ్వండి. వీలైతే మొదటి వారంలోనే బడికి పంపాలి.

పీడకలలు, భయం, మాటామంతీ లేకపోవడం నెల దాటినా తగ్గకపోతే చికిత్స కావాలి. గాయాన్ని లక్ష్యంగా చేసుకున్న ఆలోచనా ప్రవర్తనా చికిత్సకు గట్టి ఆధారాలున్నాయి. వారానికొకసారి చొప్పున 12 నుంచి 16 సార్లు సాగుతుంది. ముందు భయాన్ని అదుపు చేసుకోవడం నేర్పి, తర్వాతే జరిగినదాన్ని కొద్దికొద్దిగా చెప్పనిస్తారు. తల్లికో, పెంచే మనిషికో సమాంతరంగా నేర్పుతారు. మొదటి రోజే "అంతా కక్కేయి, తేలికవుతుంది" అని ఒత్తిడి చేసే కౌన్సెలింగ్‌ మేలు చేయకపోగా కీడు చేయగలదు. జిల్లా ఆసుపత్రుల మానసిక విభాగాలతో పాటు ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలి మానస్‌ 14416కు ఏ వేళనైనా తెలుగులో ఉచితంగా మాట్లాడవచ్చు. తల్లి కూడా మాట్లాడాలి. తల్లి కుంగిపోతే బిడ్డకు ఆసరా ఉండదు.

కోర్టు కేసు చేపట్టాక 30 రోజుల్లో బిడ్డ సాక్ష్యం నమోదు చేయాలని, విచారణ వీలైనంతవరకు ఏడాదిలో ముగించాలని చట్టం అంటుంది. ఆచరణలో ఆలస్యాలుంటాయి. సమన్లు వచ్చిన వారం పీడకలలు తిరిగి రావడం మామూలే, బిడ్డ వెనక్కి వెళ్లిపోయిందని బెదిరిపోవద్దు. కోర్టు గదిని ముందురోజే చూపించమని, నిందితుడు కనబడకుండా తెర పెట్టమని సహాయక వ్యక్తి ద్వారా అడగవచ్చు. తీర్పు దాకా ఆగకుండా మధ్యంతర పరిహారం అడిగే వీలుంది. ప్రయాణం, తిండి వంటి తక్షణ ఖర్చులకు బాలల సంక్షేమ కమిటీ సిఫారసు చేయగలదు, అది వారంలో అందాలి. సంపాదించే మనిషే జైలుకు వెళ్లిన ఇళ్లలో సాక్ష్యం మారిపోవడానికి ఆకలి ఒక కారణం కావచ్చు. మిషన్‌ వాత్సల్య అనే పిల్లల సంరక్షణ పథకం కింద అర్హత ఉన్న పిల్లలకు నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్‌ ఉంది. పల్లెల్లో కుటుంబ వార్షికాదాయం 72,000, పట్టణాల్లో 96,000 రూపాయలు దాటకూడదు. నెల్లూరు, ఒంగోలులోని జిల్లా బాలల సంరక్షణ విభాగాల్లో దరఖాస్తు చేయాలి.

ఏడెనిమిదేళ్లప్పుడు జరిగినదాని అర్థం పదమూడు, పద్నాలుగేళ్లకు కొత్తగా తెలిసొస్తుంది. రజస్వల అయినప్పుడు, మొదటిసారి ఎవరి మీదనో ఇష్టం కలిగినప్పుడు, పెళ్లి మాట వచ్చినప్పుడు పాత భయం మళ్లీ లేవొచ్చు. అప్పుడు ఇంకో నాలుగైదు సార్లు చికిత్సకు వెళ్లి రావడం అవసరమవుతుంది. మొదటిసారి చూసిన డాక్టరు కాగితాలు, కౌన్సెలర్‌ పేరు, కేసు నంబరు ఒక కవరులో పెట్టి, అది ఎక్కడుందో తల్లితో పాటు ఇంకొక నమ్మకమైన మనిషికి కూడా చెప్పి ఉంచండి.